పరశురాములు పేరు మీద సేరు బియ్యం

ఆగస్టు 3, ఆదివారం

ఆన్‌లైన్ మీటింగ్ ముగిసేసరికి నడుము పట్టేసింది. మా ప్రాజెక్టు పేరు 'ఆసియాలో ఎదురుచూపు'. పరాయి దేశం పనికి పోయి జాడ తెలియకుండా అయినవాళ్ల ఇళ్లలో, మిగిలినవాళ్లు ఎట్లా బతుకుతారన్నది విషయం. ఖాట్మండూలో చరిత్ర చెప్పే సుష్మ, కొలంబోలో మానసిక వైద్యుడు, మనీలాలో ఆర్థికశాస్త్రం ఆయన, జకార్తాలో సాహిత్యం చదివిన ఒక పిల్ల. సోషియాలజీ తరఫున కరీంనగర్ నుంచి నేను. ఒక ఖండాన్ని ఐదుగురం పంచుకున్నాం.

సుష్మ ఒక తల్లి సంగతి చెప్పింది. ఆమె ప్రతి శనివారం కొడుకు చెప్పుల జత ఎండలో పెట్టి, సాయంత్రం తుడిచి లోపల పెడుతుందట. నాకు అసూయ కలిగింది. నాకు ఇలాంటిది ఎందుకు దొరకలేదని. ఒక తల్లి దుఃఖం మీద అసూయ ఏమిటో! రాసుకోవడానికే సిగ్గుగా ఉంది.

నా వంతుకి లస్మవ్వ ఇంటి సంగతి చెప్పాను. కొడుకు పరశురాములు సౌదీలో కఫీల్ అనే యజమాని దగ్గర్నుంచి పారిపోయి, కాగితాలు లేక, వాళ్ల మాటల్లో 'ఖల్లివల్లి' అయ్యాడు. ఆరేళ్లుగా ఫోన్ లేదు. కోడలు జమున బీడీలు చేస్తుంది, అత్తను చూసుకుంటుంది. అంతా విన్నాక హైదరాబాద్ నుంచి మా ప్రాజెక్టు పెద్ద రామచంద్రం సార్ అన్నారు: "ఎదురుచూపు సరే మమతారాణీ, అది ఎక్కడ ఆగుతుంది? ఏ రోజున మనిషిని చనిపోయినవాళ్లలో కలుపుతారు? ఆ గీత మీ దాంట్లో కనపడటం లేదు."

గీత అట. సుద్దముక్క ఇస్తే వెళ్లి గీసి వస్తాను.

ఆగస్టు 12, మంగళవారం

చొప్పదండి దాటాక రోడ్డంతా గుంతలు. స్కూటీకి, నాకు ఇద్దరికీ కీళ్లు కదిలాయి. లస్మవ్వ ఎప్పటిలాగే పక్కింటి నుంచి ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ తెప్పించి, కొంగుతో తుడిచి వేసింది. వాళ్లింట్లో కుర్చీ లేదు. నేను వచ్చినప్పుడల్లా అది ఆ గోడ దాటి వస్తుంది.

జమున చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చేస్తోంది. మాటలు పంటల మీద, కొండల్ మీద నడిచాయి. కొండల్ లస్మవ్వ చిన్న కొడుకు, మస్కట్ పోయి తిరిగొచ్చి ఇప్పుడు పొలం చేసుకుంటున్నాడు. తర్వాత పెత్రమాస మాట వచ్చింది. ఆ అమావాస్యకు పోయిన పెద్దల పేరు చెప్పి అయ్యగారికి బియ్యం ఇస్తారు. లస్మవ్వ ఏటా మొగుడి పేరు మీద, అత్తమామల పేరు మీద ఇస్తుంది.

అప్పుడు అడిగాను. "అవ్వా, ఈసారి పెత్రమాసకు పరశురాములు పేరు మీద ఇస్తరా?"

జమున చేతిలో ఆకు ఆగింది. లస్మవ్వ నా ముఖం కేసి చాలాసేపు చూసింది.

"ఎందుకడుగుతున్నవ్ బిడ్డా?"

"ఊరికే అవ్వా. అందర్నీ అడిగేదే."

"ఊరికేనా," అంది. వచ్చేటప్పుడు ఎప్పటిలా గేటు దాకా రాలేదు. మోకాళ్ల నొప్పి కాబోలు.

ఆగస్టు 13

అది ప్రశ్నల పట్టికలోదే. ఐదు దేశాల్లోనూ అడుగుతున్నదే.

ఆగస్టు 20, బుధవారం

జమున ఫోన్ చేసింది. తనంతట తాను చెయ్యడం ఇదే మొదలు.

"అక్కా, మీకేమన్న తెలిసిందా?"

"ఏం తెలుస్తది?"

"గా బియ్యం సంగతి అడిగిండ్రు గదా. అత్తమ్మ గప్పటిసంది సరిగ్గ తింటలేదు."

"అయ్యో, అట్లాంటిదేం లేదు జమునా. అది మా పట్టికల ఉన్న ప్రశ్న. నువ్వు ఫికర్ పెట్టుకోకు."

"ఫికర్ పెట్టుకోకంటున్నరా," అంది మెల్లగా. ఫోన్ పెట్టేసింది. నేను ధైర్యం చెబితే ఆమె గొంతు ఇంకా ఎందుకు దిగిపోయిందో నాకు అర్థం కాలేదు.

ఆగస్టు 29, శుక్రవారం

ఇవాళ అర్థమైంది.

కుండపోత వాన. కొండల్ మందుల కోసం కరీంనగర్ వచ్చి, బస్టాండ్ నుంచి ఫోన్ చేశాడు. వెళ్లాను. టీ కొట్టు రేకుల కింద నిలబడ్డాం. తల మీది తువ్వాల పిండుకుంటూ, నా కళ్లలోకి చూడకుండా అన్నాడు:

"మేడం, అవ్వకు జెప్పకుండ్రి, జమునొదినెకు జెప్పకుండ్రి. నాకన్న జెప్పుండ్రి. మా అన్న పానం ఎట్ల పోయింది?"

"కొండల్, నాకేం తెలియదు. నిజంగా."

"నేను మస్కట్ల ఉన్నోన్ని మేడం. మా రూంల ఒకతను జచ్చిపోతె, ఆళ్లింటికి ఎట్ల జెప్పిండ్రో నాకెరుకే. ఫస్టు ఎవరో ఒకలు పోయి ఫోనొచ్చిందా అని అడుగుతరు. మల్ల ఇంకొకలు పోయి జర జొరమొచ్చిందట, ఫికర్ జెయ్యకుండ్రి అంటరు. శవమున్న డబ్బ వచ్చేదాంక ఎవ్వడు అసలు సంగతి జెప్పడు. మీరు హైదరాబాద్ పోతరు, కంపూటర్ల దేశదేశాలోళ్లతోని మాట్లాడ్తరు. మీకు ఎరుకై, మెల్లగ చెవిన ఏసిండ్రు. మాకు సమజైంది."

"అది కాదు కొండల్. నాకు నిజంగానే తెలియదు."

తల ఊపాడు. కళ్లు తుడుచుకున్నాడు. "సరే మేడం. మీరు జెప్పరు. మంచోళ్లు మీరు. పెత్రమాసకు అన్న పేరు మీద గూడ బియ్యమిస్తం, రాండ్రి." నా టీ డబ్బులు కూడా తనే ఇచ్చి, వానలో బస్సు కేసి పోయాడు.

కాదన్నకొద్దీ అవునని నమ్ముతున్నారు. మంచిదాన్నట!

సెప్టెంబర్ 1, సోమవారం

ఊరికి వెళ్లి, అందర్నీ కూర్చోబెట్టి విడమరిచి చెప్పాలి. వానలు. రోడ్డు కోసుకుపోయిందంటున్నారు. వాన తగ్గాక.

సెప్టెంబర్ 3

వాన తగ్గింది. తలనొప్పి.

సెప్టెంబర్ 6, శనివారం

మీటింగ్. సార్ నా వంతు రాకముందే "కరీంనగర్ ఏమంటోంది?" అన్నారు. నేను ఏం చెప్పానో ఇక్కడ ఉన్నది ఉన్నట్టు రాస్తాను: "ఈసారి పెత్రమాసకు పరశురాములు పేరు మీద బియ్యం ఇవ్వాలని కుటుంబం తనంతట తానే అనుకుంటోంది సార్."

తనంతట తానే.

సార్ కుర్చీలో ముందుకు వంగారు. ఎదురుచూపు దుఃఖంగా మారే ఘడియను కళ్లారా చూసే అవకాశం ఇన్నేళ్లలో ఎవరికీ దొరకలేదన్నారు. వీడియో తప్పకుండా తియ్యమన్నారు. కొలంబోలో జరిగే సమావేశంలో మొదట నా పత్రమే ఉండాలన్నారు. సుష్మ చప్పట్లు కొట్టింది. నా ముఖం వెలిగిపోవడం తెరమీద నాకే కనపడింది. ఆ ముఖాన్ని అప్పుడే ఒక చెంపదెబ్బ కొట్టాల్సింది.

సెప్టెంబర్ 10

పరిశోధకురాలు జోక్యం చేసుకోకూడదు. అది మొదటి పాఠం. ఇప్పుడు వెళ్లి వద్దంటే, అది జోక్యం.

సెప్టెంబర్ 14, ఆదివారం

కింది వాటాలో ఉండే ఇంటి ఓనరు ఖుర్షీద్ ఆపా కుట్టుమిషన్ ముందు కూర్చుని, "పని ఎట్ల నడుస్తుందమ్మా?" అని అడిగింది. ఎవరికో ఒకరికి చెప్పకపోతే పగిలిపోయేలా ఉన్నాను. సగమే చెప్పాను. మంచి సగమే.

అయినా ఆమె మిషన్ ఆపేసింది. "అరె, గా మాట నీ నోట్లకెల్లి ఎట్లొచ్చింది? మా తమ్ముడు జబ్బార్ దుబాయిల జచ్చిపోయినప్పుడు నాకెట్ల జెప్పిండ్రో ఎరుకేనా? మా మామ ఒచ్చి, తిన్నవా బేటీ అన్నడు. ఆయన ఎన్నడు నన్ను తిన్నవా అని అడగలే. గంతే, నాకు సమజైపోయింది. అడుగుడే జెప్పుడు ఈడ. నువ్వు ఈడనే పుట్టి పెరిగినదానివి, నీకెరుక లేదా?"

"మా ప్రశ్నల పట్టికల ఉంది ఆపా."

"పట్టిక రాసినోళ్లు ఈడ పుట్టలే. నువ్వు పుట్టినవ్." మళ్లీ మిషన్ తొక్కడం మొదలుపెట్టింది.

పైకి వచ్చి కూర్చున్నాను. ఎవరూ చూడని పుస్తకం ఇది, ఇందులో కూడా అబద్ధం రాసుకున్నాను. పట్టికలో ఆ ప్రశ్న లేదు. ఐదు దేశాల్లో ఎవరూ దాన్ని అడగడం లేదు. జాడ తెలియని మనిషిని చనిపోయినట్టు ధ్వనించే ప్రశ్న వెయ్యకూడదని పట్టిక మొదట్లోనే హెచ్చరిక ఉంది. అది రాసింది సుష్మ. నేను సార్ మెప్పు కోసం, సుష్మ చెప్పుల జతను మించింది కావాలని, ఆ ముసలామె ముఖం మీద ఏం కనపడుతుందో చూద్దామని అడిగాను. పెత్రమాస బియ్యం అంటే ఏమిటో తెలిసే అడిగాను.

సెప్టెంబర్ 17

బియ్యం ఇచ్చాక జమున గాజులు తీస్తారు. మెట్టెలు తీస్తారు. ఇన్ని రోజులూ ఈ వాక్యం రాయకుండా తప్పించుకున్నాను.

సెప్టెంబర్ 20, శనివారం

రేపు వెళ్లగానే చెప్పేస్తాను. కెమెరా ఛార్జింగ్‌లో పెట్టాను.

సెప్టెంబర్ 21, ఆదివారం. పెత్రమాస

వెళ్లగానే చెప్పలేదు.

అది ముందే రాసెయ్యాలి. లేకపోతే మిగతాదంతా ముద్దుగా రాసుకుంటాను.

పొద్దున పెద్దలకు బియ్యం, సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ. రెండూ ఒకే రోజు. లస్మవ్వ వాకిలి అలికి ముగ్గేసి ఉంది. అరుగు మీద రెండు చాటలు. ఒకదాంట్లో ఏటా ఇచ్చేవి: బియ్యం, పప్పు, గుమ్మడికాయ ముక్క, బెండకాయలు, చింతపండు. రెండో దాంట్లో సేరు బియ్యం, పైన ఒక దోసకాయ. "వానికి దోసకాయంటే పానం," అంది లస్మవ్వ, ఎవరితోనూ కాదు. లోపల గంప నిండా తంగేడు, గునుగు పూలు. జమున నిన్ననే కోసుకొచ్చిందట. ఆ గంప పక్కన గోడకు ఆనుకుని కూర్చుంది. ఇవాళ ఒళ్లో చాట లేదు.

నాకు కుర్చీ వేశారు.

అయ్యగారు మోపెడ్ మీద, వెనక సంచులు కట్టుకుని వచ్చాడు. ఇంకా సగం ఊరు మిగిలి ఉందట, తొందరలో ఉన్నాడు. మొదటి చాట అయ్యింది. రెండోది ముందుకు జరిపి, "పేరు జెప్పుండ్రి" అన్నాడు.

లస్మవ్వ నోరు తెరిచింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నా వైపు తిరిగింది.

"నువ్వు జెప్పు బిడ్డా. నీకే ఎరుక గదా. నా నోటికెల్లి ఎల్తలేదు."

అందరూ నా వైపు చూశారు. చెప్పడానికి ఇంతకంటే సందు ఏ దేవుడూ ఇవ్వడు. నేను ఏం చేశానంటే, చెయ్యి వణికితే బొమ్మ చెదిరిపోతుందని ఊపిరి బిగబట్టాను. కెమెరా నడుస్తూనే ఉంది. చివరికి కొండల్ తల వంచుకుని, "పరశురాములు" అన్నాడు. అయ్యగారు మంత్రం చదివి, చాట ఎత్తి సంచిలో వంచేశాడు. దోసకాయ దొర్లుతూ లోపలికి పోయింది.

మధ్యాహ్నానికి వాడకట్టు ఆడవాళ్లు వచ్చి కూర్చున్నారు. అందరిలో పెద్దది కిష్టవ్వ. "ఇయ్యాల వద్దు, బతుకమ్మ పొద్దు," అంది. "రేపు పొద్దుగాల తీపిద్దాం. ఇయ్యాల ఆటకు రాకుంటె సరి." ఏం తీపించాలో ఎవరూ అనలేదు. జమున తన రెండు చేతులూ కొంగు కిందకి లాక్కుంది. తినే వస్తువు ఎవరైనా గుంజుకుంటారని చిన్నపిల్ల దాచుకున్నట్టు.

అది చూశాక ఇక కూర్చోలేకపోయాను. లేచి నిలబడ్డాను.

"అవ్వా, పరశురాములు సంగతి నాకేం తెల్వదు."

"ఆ మాట ఇన్నం తియ్యి బిడ్డా," అంది కిష్టవ్వ, జాలిగా.

వాళ్లు నమ్మాలంటే ఒకటే దారి. మొత్తం చెప్పడం. చెప్పాను. "నాకు సౌదీ నుంచి ఏ కబురు రాలే. నన్ను అడగమని ఎవరూ అనలే. నా కాయితాల్ల ఆ ప్రశ్న లేనే లేదు, ఉన్నదని జమునకు అబద్ధం చెప్పిన. మా సార్ మెచ్చుకోవాలని, మీరేమంటరో చూసి రాసుకోవాలని అడిగిన. మీరు వేరే తీర్గ సమజ్ చేసుకున్నరని కొండల్ మాటల్ల తెలిసింది. తెలిసినంక గూడ నోరు మూసుకున్న. పొద్దున గూడ మూసుకున్న."

అప్పుడు నమ్మారు. తన గురించి తాను ఇంత నీచంగా ఎవరూ కల్పించుకోరు కదా. కిష్టవ్వ "ఓ యవ్వ" అని నోటి మీద చెయ్యి పెట్టుకుంది. కొండల్ నా ముఖం చూడకుండా బయటికి పోయాడు. జమున మాత్రం తలెత్తి, "గీ మాట పొద్దుగాల జెప్పకపోతివా అక్కా," అంది. గొంతులో కోపం కూడా లేదు.

లస్మవ్వ గోడ పట్టుకుని లేచింది. దగ్గరికి వచ్చింది. "అయితె నా కొడుకు ఉన్నడా?"

ఉన్నాడనాలని నాలుక చివరి దాకా వచ్చింది. ఆ ఒక్క మాట అంటే ఆమె నన్ను క్షమిస్తుందేమో కూడా. కాని అదీ నాకు తెలియదు.

"తెల్వదవ్వా."

"తెల్వదు," అంది తనలో తాను. "గా తెల్వదు మీదనే గదా బిడ్డా ఇన్నొద్దులు బతికినం. గది గూడ గుంజుకుంటివి."

కొట్టినా బాగుండేది. కొట్టలేదు. కోడలి వైపు తిరిగి, "పూలు వాడిపోతున్నయి, లే. లేసి పేర్చు," అంది. తర్వాత నాతో, "నువ్వు పోయి నా కొడుకు బియ్యం తే."

అయ్యగారింట్లో వసారా నిండా టార్పాలిన్ పరిచి, ఊరందరి బియ్యం ఒకే కుప్ప పోశారు. నేను వచ్చిన పని చెబితే ఆయన నవ్వలేదు. "ఏ గింజ ఎవ్వలదో ఎట్ల జెప్పాలమ్మా? ఊరి పెద్దలందరు కలిసిపోయిండ్రు గిండ్ల," అన్నాడు. ఒక సేరు కొలిచి సంచిలో పోశాడు. కూరగాయల్లో దోసకాయ ఒక్కటే ఉంది, అది మాత్రం గుర్తుపట్టాను.

తిరిగొచ్చేసరికి వాడ మలుపులో ఆట మొదలైంది. జమున బతుకమ్మ అందరికంటే చిన్నది. తొందరలో పేర్చినట్టుంది, ఒక పక్కకు ఒరిగింది. ఆడుతోంది. వంగి చప్పట్లు కొట్టినప్పుడల్లా గాజులు కదులుతున్నాయి. నన్ను చూసింది, చూపు తిప్పుకుంది.

లస్మవ్వ గడపలో కూర్చుని ఉంది. సంచిలోంచి దోసకాయ తీసుకుంది. బియ్యంలో చెయ్యి పెట్టి, కాసేపు అలాగే ఉంచి, తీసేసింది. "గివి ఊరోళ్ల పెద్దలందరియి. నా ఇంట్లకు రావద్దు. పారేస్తె మావోనియి గూడ పోతయి. నువ్వే ఉంచుకో."

కుర్చీ అప్పటికే పక్కింటికి వెళ్లిపోయింది. నేను కాసేపు నిలబడ్డాను. ఎవరూ కూర్చోమనలేదు.

సెప్టెంబర్ 24, బుధవారం

సార్‌కి అంతా రాశాను. ఏమీ దాచలేదు. తిడతారనుకున్నాను, తిట్టాలని కోరుకున్నాను కూడా. జవాబు వచ్చింది: "చాలా నిజాయితీగా ఉంది. పరిశోధకుల పాత్ర మీద ఇప్పుడు ఆసియా అంతటా చర్చ నడుస్తోంది. దీన్నే ఒక విభాగంగా విస్తరించండి. మీ పత్రానికి ఇదే ప్రాణం."

కంప్యూటర్ తెరిచి విభాగానికి పేరు పెట్టాను. మంచి మంచి వాక్యాలు వచ్చాయి. ఒక పేజీ నిండాక గాని నేనేం చేస్తున్నానో నాకు తెలియలేదు.

సెప్టెంబర్ 25

పేజీ తీసేశాను. వీడియో తీసేశాను. కొలంబోకి పత్రం ఇవ్వనని రాశాను. సార్ నొచ్చుకున్నారు. ఇందులో నా గొప్ప ఏమీ లేదు. పాడు చేసినదాన్ని అమ్ముకోలేదు, అంతే.

బియ్యం సంచి గ్యాస్ బండ పక్కన ఉంది. వండుకోలేను, ఎవరికీ ఇవ్వలేను. వంటింట్లోకి వెళ్లినప్పుడల్లా కాలికి తగులుతోంది.

అక్టోబర్ 5, ఆదివారం

జమున ఫోన్ చేసింది. ఇన్ని రోజులూ నేను చేస్తే ఎత్తలేదు.

"గా బియ్యం ఉన్నయా?" అంది. అక్కా అనలేదు.

"ఉన్నయి."

"పారేసినవనుకున్న."

"లేదు."

వెనకాల లస్మవ్వ ఏదో అంటోంది. "పారెయ్యకు. ఆయనొచ్చినంక ఆయనకే వండిపెడ్త గవి. గప్పటిదాంక నీతాన్నే ఉండాలె. అత్తమ్మ గూడ గదే అంటుంది."

ఎప్పటిదాకా అని అడగబోయాను. ఆ ప్రశ్నను మింగేశాను.

"ఉంచుత," అన్నాను.

"పురుగు వడ్తది. జర చూస్కో," అని పెట్టేసింది.

సంచి విప్పి చూశాను. ముక్కిన వాసన మొదలైంది, అక్కడక్కడ తెల్లటి పురుగులు. ఎండు వేపాకు కలపమని ఖుర్షీద్ ఆపా చెప్పింది. రేపు ఎండ కాస్తే మేడ మీద పాత చీర పరిచి ఆరబోయాలి, సాయంత్రం తిరిగి ఎత్తి లోపల పెట్టాలి.